మంజులత పోసిన పేర్లు

2014 జూన్‌లో నార్కట్‌పల్లి చుట్టుపక్కల బోర్డులు రాసేవాళ్లకు అన్నం తినే తీరిక దొరకలేదు. కొత్త రాష్ట్రం వచ్చింది. బడి గోడ మీద, పశువుల దవాఖాన మీద, కరెంటాఫీసు మీద 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం' అని ఉన్న చోటల్లా తెల్లరంగు పూసి 'తెలంగాణ ప్రభుత్వం' అని రాయాలి. సాయిలు పొద్దున్నే బండికి నిచ్చెన కట్టుకొని బయలుదేరితే, భార్య మంజులత రంగు డబ్బాలు ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చునేది. అతను నిచ్చెన మీద, ఆమె కింద. పైనుంచి చెయ్యి చాపితే చాలు, ఏ బ్రష్ అందించాలో ఆమెకు తెలిసిపోయేది. ఆ నెలంతా ఇంట్లో అన్నం కూడా టర్పెంటైన్ వాసన వేసిందని సాయిలు తల్లి సావిత్రమ్మ ఇప్పటికీ అంటుంది.

సాయిలుకు అదే చివరి పెద్ద గిరాకీ. ఆ తర్వాతి ఏడాది బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ మిషన్ దిగింది. ముందు దుకాణాలవాళ్లు అటు పోయారు, తర్వాత లీడర్లు, ఆఖరికి బడి వార్షికోత్సవం బోర్డు కూడా అక్కడే అచ్చయింది. ఫొటోతో సహా గంటలో చేతికొస్తుంటే సాయిలు బ్రష్ ఆరేదాకా ఎవరు ఆగుతారు? ఫ్లెక్సీ దుకాణంలో పని అడిగాడు. కంప్యూటర్ వస్తదా అన్నారు. రాదు. చివరికి హైవే పక్కన పెద్ద హోటల్లో కార్లు నిలబెట్టించే పనికి కుదిరాడు. నీలం రంగు యూనిఫాం, మెడలో విజిల్. ఇంటికి రాగానే ఆ విజిల్ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేవాడు, కూతురు మనస్విని ఊదకుండా. ఆ విజిల్ మోత ఇంట్లో వినడం అతనికి ఇష్టం లేదు.

మంజులతది పోచంపల్లి. పుట్టినింట్లో మగ్గం ఉండేది. చిన్నప్పుడు ఆమె పని నూలుకు చిటికి కట్టడం. ట్యూబు రబ్బరును బ్లేడుతో సన్నటి పట్టీలుగా కోసి, గీత పెట్టిన చోటల్లా నూలుకు బిగించి కట్టాలి. కట్టిన చోట రంగు అంటదు, కట్టని చోట అంటుతుంది. విప్పి చూస్తే గాని పువ్వు వచ్చిందో లేదో తెలియదు. నార్కట్‌పల్లికి కాపురానికి వచ్చాక ఆ పని మానేసింది. సాయిలు సంపాదన పడిపోయాక ఐలేశం దగ్గర కూలికి చేరింది.

ఐలేశంది నల్లగొండ రోడ్డు మీద సిమెంటు యార్డు. బావి వరలు, ఇటుకలు, కంచెకు పాతే కడీలు పోస్తారు. మంజులత మొదట నీళ్లు పట్టే పని చేసింది, తర్వాత మాలు కలపడం నేర్చుకుంది. పిడికిట్లో పిసికితే ముద్ద నిలబడాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. అంతే లెక్క.

ఒకరోజు హాలియా దిక్కు నుంచి మల్లికార్జున్ అనే రైతు కడీల కోసం వచ్చాడు. కొత్తగా బత్తాయి తోట పెట్టాడు. తోట గేటు పక్కన తన పేరుతో ఒక సిమెంటు పలక కావాలన్నాడు. యార్డులో పేరు కావాలంటే పచ్చి సిమెంటు మీద మొలతో గీకి ఇచ్చేవారు.

"గట్లొద్దు ఐలేశమన్నా, కోడి కెలికినట్టుంటది," అన్నాడు మల్లికార్జున్. "సక్కగ చెక్కినట్టు రావాలె."

"చెక్కాలంటే రాళ్లు కొట్టెటోళ్ల కాడికి పో. నా కాడ ఇంతే."

పక్కన ఇటుకలు పేరుస్తున్న మంజులత ఆగింది. ఐలేశం ఇటుకల నడుమ అతని గుర్తు రెండక్షరాలు లోతుగా, శుభ్రంగా పడి ఉంటాయి. ఆమె రోజూ చూసేవే.

"అన్నా, ఇటుక మీద నీ అచ్చరాలు పడ్తలేవా? ఆయిన పేరెందుకు పడదు?"

"అది ఇనుప అచ్చు చెల్లె. లేత్ మిషన్ కాడ చేయించిన. ఒక్కొక్క పేరుకు ఆడికి ఉరుకుతమా?"

"నేను రబ్బరుతోని చేస్త. పాడైతే నా కూలిల కోసుకో."

ఐలేశం నవ్వాడు. మల్లికార్జున్ మాత్రం, చెట్లు కాపుకు రావడానికే ఏళ్లు పడతాయి, పలకకు తొందరేం లేదు, చెయ్యమన్నాడు.

ఆ సాయంత్రం ఆమె పంక్చర్ దుకాణం నుంచి లారీ మడ్‌గార్డు రబ్బరు తెచ్చింది. వేలు మందం ఉంటుంది. సాయిలుతో పేరు రాయించుకుంది. చాలా రోజుల తర్వాత రాయమని అడిగినందుకు అతను న్యూస్ పేపర్ పరిచి, కూర్చొని, ప్రేమగా రాశాడు. ల వత్తు కింద చిన్న వంపు, ర్జు చివర తోక. ఆమె దాన్ని రబ్బరు మీద దించుకొని, బ్లేడు సబ్బునీళ్లలో ముంచుతూ కోసింది. చెక్క పెట్టె చేసి, అడుగున పాత ఫొటో ఫ్రేము అద్దం పరిచి, దాని మీద అక్షరాలు అతికించి, నూనె రాసి, మాలు పోసింది. గట్టిపడ్డాక తిప్పి పెట్టెలోంచి తీస్తే పేరు లోపలికి దిగి రావాలి.

పేరు వచ్చింది, ఉల్టా వచ్చింది. అక్షరాలు తిరగేసి అతికించాలన్నది తోచలేదు. యార్డంతా నవ్వింది.

"అద్దంల సూస్తె సక్కగనే ఉంది గద చెల్లె!" అన్నాడు ఐలేశం.

రెండోసారి తిరగేసి అతికించింది. ఈసారి రబ్బరు పీకుతుంటే సున్నాల మధ్య ఉండే సిమెంటు గుబ్బలు రబ్బరుతో పాటే ఊడొచ్చాయి. ర నడుమ గుబ్బ పోయింది, మ సుడి పోయింది. వత్తుల తోకలు విరిగాయి. పైగా పలక నిండా గాలి బుడగల గుంటలు, అమ్మవారు పోసిన మొహంలా.

ఆమె చాలా సేపు ఇటుక అచ్చును తిప్పి తిప్పి చూసింది. దానికి ఒక వైపు కొంచెం వెడల్పు, ఇంకో వైపు కొంచెం ఇరుకు. అందుకే ఇటుక జారి వస్తుంది. రబ్బరు అక్షరానికి కూడా అంచు నిటారుగా కాక కొంచెం ఏటవాలుగా ఉండాలి, అద్దానికి అంటుకునే వైపు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. బ్లేడు వాల్చి కోయడం మొదలుపెట్టింది. ఆ పని వేళ్లకు తొందరగానే పట్టుబడింది. లొంగనిది సాయిలు రాత.

"గీ తోక కొట్టెయ్యాలె," అంది, కాగితం చూపించి. "గీ సున్న ఇంకింత పెద్దగ కావాలె. లేకపోతే లోపలి గుబ్బ ఊడిపోతాంది."

"అచ్చరాలు రాసుడు నాకు నేర్పుతున్నవా?"

"నీకు కాదయ్యా, సిమెంటుకు చెప్పి చూసిన. అది నీ మాట ఇంటలేదు."

ఆమె తన చేత్తో లావుగా దిద్దిన అక్షరాలు చూపించింది. సాయిలు కాగితం దూరంగా పట్టుకొని చూశాడు.

"ఇవి అచ్చరాలా, పిడకలా?" అని పెన్సిల్ విసిరేసి డ్యూటీకి పోయాడు. మళ్లీ రాసివ్వలేదు.

గాలి బుడగల గుంటల సంగతి హనుమమ్మ గిర్నీలో తేలింది. హనుమమ్మ ఆ వీధిలో పిండి, కారం పట్టే గిర్నీ నడిపేది. మంజులత జొన్నలు పట్టించడానికి పోయి, నిండిన పిండి డబ్బాను మిషన్ పక్క గట్టు మీద పెట్టింది. మాట్లాడుతుండగానే డబ్బాలో పిండి నాలుగు వేళ్లు కిందికి దిగింది. గిర్ని నడుస్తుంటే గట్టంతా అదురుతుంది, పిండి సర్దుకుంటుంది. మరి పచ్చి సిమెంటు పెడితే?

"నా గిర్నీల సిమెంటా? పిండిల పడితే నన్ను తంతరు బిడ్డా," అంది హనుమమ్మ.

"మూత పెట్టి తెస్త అక్కా. గిరాకి లేనప్పుడే. నీ గిర్నికి బోర్డు పైసల్లేకుండ ఊకెనే పోసిస్త."

హనుమమ్మ ఒప్పుకుంది. మధ్యాహ్నం గిర్ని ఖాళీగా తిరుగుతుంటే గట్టు మీద పెట్టెలోంచి బుడగలు పైకొచ్చి పగిలాయి, అన్నం కుతకుతలాడినట్టు. పెట్టె తిప్పి తీసిన పలక అద్దంలా నున్నగా ఉంది. మీద 'హనుమమ్మ గిర్ని' అని మంజులత సొంతంగా రాసి కోసిన అక్షరాలు. అంచులు చాకుతో కోసినట్టున్నాయి. ఒక్క 'గి' మాత్రం గుడి దగ్గర చిట్లింది.

గిర్ని గోడకు ఆ పలక పెట్టాక ఒకరోజు సాయిలు డ్యూటీ నుంచి వస్తూ ఆగాడు.

"ఎవరు రాసిండ్రు?"

"నీ పెండ్లామే," అంది హనుమమ్మ. "ఇంట్ల చెప్పలేదా?"

అతను యూనిఫాంలోనే గోడ దగ్గరికి జరిగాడు. పలక మీద చెయ్యి పెట్టి, చిట్లిన చోట గోటితో తడిమాడు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అన్నాడు:

"గి మీద గుడి కూసోబెట్టినవ్ గని, మెడ సన్నగైంది. అందుకే పగిలింది. మెడను భుజంల కలిపెయ్యాలె."

మంజులత రొట్టె పెనం మీంచి తీసి, పెన్సిల్ అతని ముందు పెట్టింది. "ఎట్లనో గీసి సూపియ్యి."

అప్పటి నుంచి అతను సిమెంటుకు సరిపోయే అక్షరం వెతకడం మొదలుపెట్టాడు. తలకట్టు పొట్టిగా, లావుగా. సున్నాలు విశాలంగా. వత్తును కింద వేలాడదీయకుండా అక్షరానికి ఆనించి. ఇద్దరికీ రోజూ గొడవే. ఆమె విరిగిన ముక్కలు తెచ్చి ముందు పెట్టేది, అతను ఎందుకు విరిగిందో చూసి మళ్లీ గీసేవాడు. మల్లికార్జున్ పలక అట్లా తయారైంది. అతను కారులో వచ్చి, పేరును అక్షరం అక్షరం చూసుకుంటూ పోయి, ర్జు దగ్గర ఆగి, "గిదే నాకు కావాల్సింది," అని ఒళ్లో పెట్టుకొని తీసుకుపోయాడు. అది చూసిన పక్క తోటలవాళ్లు వచ్చారు. ఇంటి పేర్లు, బోరు బావుల పేర్లు, చనిపోయినవాళ్ల సమాధి పలకలు. ఐలేశం యార్డులో ఒక మూల రేకులు వేసి ఆమెకు జాగా ఇచ్చాడు.

2018 చివర్లో ఆమె చేతులు పాడయ్యాయి. మొదట వేళ్ల సందుల్లో దురద. తర్వాత చర్మం బీటలు వారింది. ఉప్పు తగిలినా, కారం తగిలినా ప్రాణం పోయేది. సావిత్రమ్మ గొణుక్కుంటూనే వంట తను అందుకుంది. "ఆడిదాని చేతులు గిట్లయితయా? ఏం జేస్తున్నదో ఏమో," అంటూనే కొబ్బరినూనె వేడిచేసి రాసేది. మంజులత చేతులు కొంగులో దాచుకొని పనికి పోయేది. ఫిబ్రవరిలో, నీళ్ల గ్లాసు పట్టుకోలేక జారవిడిచిన రోజు సాయిలు ఆమెను నల్లగొండలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

"సిమెంటు పడతలేదు నీకు," అంది డాక్టరమ్మ. "మానుకోవాలె. మందు రాస్తూ, మల్ల అందులనే చేతులు పెడితే తగ్గదు."

"ఎన్ని దినాలు డాక్టరమ్మా?"

"దినాలు కాదు. ఇగ ముట్టొద్దు."

తిరుగు బస్సెక్కారు. నార్కట్‌పల్లికి దగ్గరి దారే, అయినా ఆ రోజు ఆ దారి తెగలేదంటుంది మంజులత. ఆమెకు భయం వేసింది దురద గురించి కాదు. ఇప్పుడిప్పుడే చేతికొచ్చిన పని, తను కనిపెట్టుకున్న పని, తనకే పడదట.

అప్పటికే ఒక పెద్ద పని ఒప్పుకొని ఉంది. పుట్టలగడ్డ అనే చిన్న పల్లె అంతకుముందు పక్క ఊరి పంచాయతీలో ఉండేది. కొత్త పంచాయతీలు వచ్చినప్పుడు అది సొంత పంచాయతీ అయింది. సర్పంచిగా గెలిచిన మారయ్య రోడ్డు మలుపు దగ్గర ఊరి పేరు పెట్టించాలనుకున్నాడు. ఫ్లెక్సీ వద్దన్నాడు. "గాలొస్తె ఫ్లెక్సి పోతది. మల్ల మా ఊరేదో ఎవలకు తెలుస్తది?" ఉగాదికి కావాలి.

మనిషంత పొడుగు పలక గిర్ని గట్టు మీద పట్టదు. పట్టినా ఎవరూ ఎత్తలేరు. అందుకని ఒక్కో అక్షరం ఒక్కో బిళ్లగా పోసి, మేస్త్రితో గోడకు అతికించాలని మంజులత ముందే అనుకుంది. పు, ట్ట, ల, గ, డ్డ. రబ్బరు కోయడం అయిపోయింది. పోసేదెవరు?

సాయిలు హోటల్లో సెలవు పెట్టాడు. మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కొని పార పట్టుకున్నాడు. మంజులత చేతులకు గుడ్డలు చుట్టుకొని స్టూలు మీద కూర్చుంది.

"నీళ్లెక్కువైనయ్. అది మాలు కాదు, చారు."

"గట్లుంటెనే పారుతది."

"రంగు పారాలె. గిది కూసోవాలె. ఇంకింత ఇసుక వెయ్యి."

ఆమె చెప్తుంటే అతను పోశాడు. అయితే రంగు పూసినవాడి అలవాటు ఊరుకోనివ్వదు. పూసింది పూసినట్టు కళ్లకు కనబడాలి. రెండు రాత్రులు ఆగమని ఆమె చెబితే, మర్నాడు పొద్దున్నే ఒక పెట్టె విప్పాడు. ట్ట నడుమకు పగిలి, వత్తు రబ్బరుతో పాటే వచ్చింది. ముక్కలు నేల మీద పెట్టుకొని, గ్లౌజులు తీయకుండా కూలబడ్డాడు. మంజులత వచ్చేసరికి అట్లాగే ఉన్నాడు.

"రంగైతే తుడిసి మల్ల రాస్తుంటి," అన్నాడు.

"సిమెంటైతే మల్ల పోస్తం. అచ్చు మన కాడనే ఉంది గద. లెవ్వు."

లేచాడు. మళ్లీ పోశాడు. ఈసారి ఆమె చెప్పిందాకా పెట్టె ముట్టలేదు, కానీ గంటకోసారి వచ్చి తడి గోనెసంచులు సర్దిపోయాడు.

ఉగాది ముందు రోజు పుట్టలగడ్డ మలుపులో గోడకు అక్షరాలు నిలబెట్టారు. ఊరివాళ్లు టీ గ్లాసులు పట్టుకొని చుట్టూ నిలబడి చూశారు. మైసమ్మ అనే ముసలామె మేకలు తోలుకొని పోతూ ఆగింది. ఆమెకు చదువు రాదు. పు అక్షరం గాడిలో వేలు పెట్టి, మొదట్నుంచి చివరిదాకా నడిపింది.

"గిదేంది?"

"పు," అన్నాడు సాయిలు.

"ఇగ గిది?"

"ట్ట."

ఐదక్షరాలూ అట్లాగే వేలితో తిరిగి, "మా ఊరు గింతనా?" అని నవ్వి, మేకల వెనక పోయింది. సాయిలు హోటల్లో వందల కార్లకు దారి చూపించాడు, బోర్డులైతే లెక్కలేనన్ని రాశాడు. తను రాసిన అక్షరాన్ని ఎవరూ అట్లా తాకి చూడలేదని ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాడు.

పని అప్పటి నుంచి తలకిందులైంది. మంజులత సిమెంటు ముట్టదు. మామూలుగా రాయడం, రబ్బరు కోయడం ఆమెది. మాలు, పెట్టెలు, గిర్ని, గోనెసంచులు సాయిలువి. లాక్‌డౌన్‌లో హోటల్ మూసేసి మనుషుల్ని తీసేశారు. మళ్లీ తెరిచినప్పుడు పిలిచారు కూడా. సాయిలు పోలేదు. ఆమె చేతులు మెల్లగా మానాయి. చలికాలంలో ఇప్పటికీ కొంచెం పగులుతాయి.

వాళ్ల దగ్గర ఇప్పుడు దాదాపు అన్ని అక్షరాలకూ రబ్బరు అచ్చులు ఉన్నాయి. పుట్టలగడ్డ తర్వాత ప్రతి కొత్త పేరుకూ కావాల్సిన అక్షరం కోసి, వాడాక కడిగి, రేకుల షెడ్డు గోడకు మొలలు కొట్టి తగిలించుకుంటూ వచ్చారు. మనస్విని ఇంటర్‌లో ఉంది. సెలవు రోజుల్లో వచ్చి వాటిని వరుసలో పెడుతుంది. ఆమె సర్దిన తర్వాత తల్లికి ఏదీ దొరకదు, అదొక గొడవ. ఐలేశం తన యార్డు గేటుకు కూడా పేరు పోయించుకున్నాడు. ఉల్టా వచ్చిన మొదటి పలకను మాత్రం ఇంకా ఉంచుకొని, వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. మంజులతకు అది నచ్చదు.

మొన్న ఎండాకాలం ఒక దర్జీ ఆమె వచ్చింది. పేరు ఝాన్సీ. దుకాణం పెడుతోంది, బోర్డు కావాలి.

మంజులత గోడ మొత్తం చూసింది. ఝ లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"గది లేకపోతే జ పెడదురు తియ్యి," అంది దర్జీ. "అందరు జాన్సీ అనే పిలుస్తరు."

"పేరు నీది. జ ఎందుకు పెడతం? వారం ఆగి రా."

దర్జీ పోయాక ఇద్దరూ కింద కూర్చున్నారు. ఝ మామూలు అక్షరం కాదు. సుడి మీద సుడి, పక్కన కొమ్ములు, కింద ఒత్తు గీత. ఎక్కడ చూసినా విరిగేదే. సాయిలు ఒకటి గీశాడు. ఆమె రెండు చోట్ల దిద్దింది. అతను ఒక దిద్దుబాటు ఒప్పుకున్నాడు, రెండోది ఒప్పుకోలేదు.

"గీ కొమ్ము కొట్టేస్తె అది య లెక్క కనవడ్తది."

"కొట్టెయ్యకపోతే ఇరుగుతది."

"ఇరిగితె ఇరగని. ఒకసారి నా లెక్క పోద్దాం."

ఆమె అతను గీసినట్టే కోసింది. గిర్నీలో ఇప్పుడు హనుమమ్మ కోడలు కూర్చుంటుంది. వీళ్లను చూడగానే పిండి డబ్బాలు పక్కకు జరుపుతుంది. పోసి తెచ్చి, గోనెసంచి కప్పి, రెండు రాత్రులు ఆగారు.

పెట్టె విప్పితే కొమ్ము నిలిచింది. విరిగింది సుడి. సాయిలు అనుకున్నట్టూ కాలేదు, ఆమె అనుకున్నట్టూ కాలేదు.

మంజులత ఊడిన గుబ్బను రబ్బరులోంచి పిన్నీసుతో తీసి, అరచేతిలో పెట్టుకొని చూసింది. "సుడి పెద్దగ చెయ్యాలె," అంది. సాయిలు అప్పటికే ఇసుక జల్లెడ పడుతున్నాడు.